వీథివర్తకుని లిఖితప్రమాణము



హైదరాబాదు అబిడ్సునందు ఆదివారమునాడు కాలిబాటపై పాతపుస్తకములు పరచి అమ్ముదురు. ఇటీవల నేనచ్చట ఒక వ్యాకరణగ్రంథమును 40 రూపాయలకు బేరమాడితిని. నాయొద్ద 500 రూపాయల నోటు. వర్తకునియొద్ద చిల్లర లేదు. అతడు నల్లని గడులుగల అట్టముక్కను చూపెను. దానినే క్యూఆర్ కోడ్ అందురు. నా మనుమడు తన ఫోనును దాని కెదురుగా పట్టి వెల చెల్లించెను.

"దీనివలన నీకేమి లాభము నాయనా?" అని అడిగితిని.

"ఇదివరకు అప్పుకు పోతే నీ రాబడికి రుజువేదనేవారు, పంతులుగారూ! ఇప్పుడు నా ఖాతాయే చెబుతుంది" అనెను.

వ్యవహారములయందు లిఖితము, భుక్తి, సాక్షులు అని మన స్మృతికారులు మూడు ప్రమాణములు చెప్పిరి. రైతునకు పట్టా కలదు. ఉద్యోగికి జీతపుచీటి కలదు. వీథివర్తకునికి ఏమి కలదు? అతని రాబడి చేతినుండి చేతికి జారిపోయెడిది. 2016లో మొదలైన యూపీఐ పద్ధతివలన ఆ చిన్నమొత్తములును ఖాతాలో వ్రాతయగుచున్నవి. 2020 జూన్‌లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన పీఎం స్వనిధి పథకమున, వీథివర్తకులకు తాకట్టు లేకయే మొదటి విడతగా 10,000 రూపాయలవరకు ఋణ మేర్పరచిరి. సకాలమున తీర్చినవారికి అంతకు మించిన ఋణమును, ఫోనుద్వారా సొమ్ము పుచ్చుకొన్నవారికి కొంత ప్రోత్సాహకమును విధించిరి.

ఇది మేలే. కాని అచ్చటినుండి నాంపల్లి స్టేషనుకు పోగా, పండ్లమ్ము ముదుసలి యొకతె తన ఫోను నా చేతికిచ్చి, "సొమ్ము వస్తుందట, రహస్యపు అంకెలు నొక్కమంటున్నారు, చూడండయ్యా" అనెను. నా గుండె ఝల్లుమనెను. సొమ్ము పుచ్చుకొనుటకు ఆ అంకెలతో పనిలేదు. నొక్కినచో మన సొమ్మే పోవునని చెప్పి ఆపితిని. తన లిఖితమును తాను చదువలేనివానికి ఆ లిఖితమే ఉరియగును.

మీ గ్రామములందును ఇదే స్థితి. తపాలాశాఖవారి బ్యాంకు 2018 సెప్టెంబరు 1న దేశమంతట ఆరంభమైనది. ఆధార్ జోడించిన ఖాతా ఉన్నచో, ఫోను లేనివారికిని వేలిముద్రతో ఇంటియొద్దనే సొమ్ము ముట్టును. ముద్ర వేయుటకు ముందు ఎంత సొమ్ము వ్రాసిరో చదివి చెప్పువాడొకడు వలయును.

కావున నా మనవి యొక్కటి. వారమున కొకనాడు మీ అరుగుమీద కూర్చుండి, అక్షరములు రానివారి ఖాతాపుస్తకములు చదివి వినిపింపుడు. రహస్యపు అంకెలను మాత్రము మీరును అడుగకుడు. మోసము జరిగినచో ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేయింపుడు. పూర్వము మన పెద్దలు ఊరివారి ఉత్తరములు చదివిపెట్టిరి. నేడు ఈ లెక్క చదివిపెట్టుట మన వంతు.