ఒక్క అగ్గిపుల్ల, 31 ప్రాణాలు: లండన్ కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషన్ కథ

ప్లాట్‌ఫామ్ నంబర్ తొమ్మిదీ ముప్పావు తెలుసు కదా? హ్యారీ పాటర్ రైలెక్కే చోటు. అది లండన్‌లోని కింగ్స్ క్రాస్. అక్కడ చదువుకోడానికి వెళ్ళిన మనవాళ్ళు ఆ గోడ దగ్గర ట్రాలీ పట్టుకుని ఫొటో దిగి స్టేటస్ పెడుతుంటారు. ఇవాళ చెప్పేది ఆ గోడ గురించి కాదు. అక్కడ నేల కింద ఉన్న స్టేషన్ గురించి.

ప్రపంచంలోనే మొదటి భూగర్భ రైలు 1863 జనవరి 10న లండన్‌లో పాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా నడిచింది. సొరంగంలో ఆవిరి ఇంజన్! ఆ పొగ ఊహించుకోండి. ఆ దారిలోదే కింగ్స్ క్రాస్. ఆ తర్వాత ఇంకా లోతుగా 1906లో పికడిల్లీ లైన్, 1907లో ఇప్పటి నార్తర్న్ లైన్, 1968లో విక్టోరియా లైన్ వచ్చాయి. ఇప్పుడు మొత్తం ఆరు లైన్లు. కొత్తది వచ్చినప్పుడల్లా పాతదానికి దారులు, మెట్లు అతికించుకుంటూ పోయారు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో లెగసీ కోడ్ అన్నమాట.

పికడిల్లీ లైన్ నుంచి టికెట్ హాల్‌కి వచ్చే ఎస్కలేటర్ 1939 నాటిది. మెట్లు చెక్క, పక్క పలకలూ చెక్కే. వాటి కింద ఏళ్ళ తరబడి పేరుకున్న గ్రీజు, అందులో అంటుకుపోయిన కాగితాలు, దుమ్ము, వెంట్రుకలు. స్టేషన్లలో సిగరెట్ తాగకూడదని 1985లోనే రూల్ పెట్టారు. కానీ జనం బయటికి వెళ్తూ వెళ్తూ ఎస్కలేటర్ మీదే వెలిగించేవాళ్ళు.

1987 నవంబర్ 18, సాయంత్రం సుమారు ఏడున్నర. ఎవరో పడేసిన అగ్గిపుల్ల మెట్ల సందులోంచి కిందికి జారింది. మంట చిన్నదే, ఒక అట్టపెట్టె తగలబడుతున్నంత. ఎస్కలేటర్ కింద నీళ్ళు చిమ్మే ఏర్పాటు ఉంది. ఎవరూ దాన్ని వాడలేదు. స్టాఫ్‌కి సరైన ట్రైనింగే లేదు. కింద ఉన్నవాళ్ళని పోలీసులు విక్టోరియా లైన్ ఎస్కలేటర్ మీదుగా పైకి పంపారు. మంచి ఉద్దేశమే. కానీ ఆ దారి కూడా అదే టికెట్ హాల్‌లోకి తేలుతుంది.

7:45కి మంట ఒక్కసారిగా హాల్‌లోకి ఎగదన్నింది. 31 మంది పోయారు. అందులో ఒకరు ఆర్పడానికి వచ్చిన ఫైర్ ఆఫీసర్ కొలిన్ టౌన్స్లీ.

నాకు నిద్ర పట్టనివ్వని భాగం ఇక్కడ మొదలవుతుంది. అంత చిన్న మంట క్షణాల్లో అంత పెద్దది ఎలా అయింది? హార్వెల్‌లో సైంటిస్టులు కంప్యూటర్ సిమ్యులేషన్ చేశారు. మంట అంటే నిటారుగా పైకప్పు వైపు లేవాలి కదా. స్క్రీన్ మీద మాత్రం అది మెట్లకి అతుక్కుని పడుకుని పాకుతోంది! ప్రోగ్రామ్‌లోనే తప్పుందేమో అని చాలామందికి డౌట్. నేను జాబ్ చేసే రోజుల్లో గ్రాఫ్ వింతగా వస్తే చూడకుండానే "బగ్ రా" అని పక్కన పెట్టేసేవాణ్ణి. వీళ్ళు అలా వదల్లేదు. అసలు సైజులో మూడో వంతు మోడల్ కట్టి నిజంగా తగలబెట్టారు. మంట అచ్చం స్క్రీన్ మీద చూపించినట్టే పడుకుంది.

కారణం సింపుల్. మామూలు మంటకి అన్ని వైపుల నుంచీ గాలి అందుతుంది. ఎస్కలేటర్ ఏమో 30 డిగ్రీల వాలు, రెండు పక్కలా గోడల్లా పలకలు, అంటే ఒక ఏటవాలు కాలువ. గాలి కింది నుంచి తోసుకొచ్చి మంటని మెట్ల మీదికి వంచేస్తుంది. ఆ వేడికి పై మెట్ల చెక్క ముందే కాగిపోయి, అన్నీ ఒక్కసారే అంటుకుంటాయి. దీనికి ట్రెంచ్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. పైన నిలబడి చూసేవాళ్ళకి మంట చిన్నగానే కనిపిస్తుంది, అదీ దీని దుర్మార్గం.

1988లో ఫెనెల్ విచారణ రిపోర్ట్ 157 సిఫార్సులతో వచ్చింది. చెక్క ఎస్కలేటర్లు తీసేయడం మొదలైంది. చిట్టచివరిది ఎప్పుడు పోయిందో తెలుసా? 2014లో, గ్రీన్‌ఫర్డ్ స్టేషన్‌లో. అంటే ఈ వీడియో చూస్తున్న మీలో చాలామంది అప్పటికి స్కూల్‌కి వెళ్తున్నారు!

కింగ్స్ క్రాస్ టికెట్ హాల్‌లో చనిపోయినవాళ్ళ గుర్తుగా ఒక ఫలకం, ఒక గడియారం ఉన్నాయి. లండన్‌లో ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి ఆ ట్రాలీ ఫొటోకి వెళ్ళినప్పుడు కిందికి దిగి అవి కూడా చూసి రండి. ఎలా అనిపించిందో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి.