‘ఐతే’ సినిమా - మా బేస్‌మెంట్‌లో జరిగిన పంచాయితీ

(శనివారం సాయంత్రం మన కమ్యూనిటీ రేడియోలో ప్రసారమైన ప్రసంగ పాఠం)

పిల్లల్ని కూచిపూడి క్లాసు నుంచి తీసుకొస్తూ కార్లో వింటున్నవాళ్ళు కాస్త మెల్లగా నడపండి, రోడ్డు మీద మంచు ఇంకా కరగలేదు.

పోయిన నెల నేనో మాటన్నాను, గుర్తుందా? పెద్ద హీరోల సినిమాల గురించి చాలా మాట్లాడుకున్నాం, ఈసారి ఓ చిన్న క్రైమ్ థ్రిల్లర్ చూసి మీ అభిప్రాయాలు చెప్పండి అని. ఆ సినిమా పేరు ‘ఐతే’. 2003లో వచ్చింది. చంద్రశేఖర్ ఏలేటిగారికి దర్శకుడిగా మొదటి సినిమా. నిర్మాత గుణ్ణం గంగరాజుగారు. ఆయన పేరు వినకపోయినా ‘అమృతం’ సీరియల్ చూడని తెలుగిల్లు మన దగ్గర ఉండదు కదా, ఆయనే. కెమెరా సెంథిల్ కుమార్. తర్వాత ‘బాహుబలి’ తీసిన కెమెరా ఆయనదే. సంగీతం కళ్యాణి మాలిక్. ఆ సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం కూడా వచ్చింది. ఇంత ఉన్నా మా బేస్‌మెంట్‌లో కూర్చున్న పంతొమ్మిది మందిలో అంతకుముందు చూసినవాళ్ళు నలుగురే! పిల్లలైతే పేరే వినలేదు.

చూడనివాళ్ళ కోసం కథ కొంచెమే చెప్తాను. ఒక మాఫియా డాన్ పోలీసుల కళ్ళుగప్పి దేశం దాటాలి. అందుకు విమానం హైజాక్ చేయించాలని పథకం. ఉద్యోగాల్లేక తిరుగుతున్న నలుగురు కుర్రాళ్ళు డబ్బు కోసం ఆ పనికి ఒప్పుకుంటారు. తర్వాత ఆ డాన్‌నే వీళ్ళు ఎత్తుకుపోతారు. ఆపైన చెప్పనండీ, చెప్తే మా ఆవిడ ఊరుకోదు. ఆవిడ ఇంకా రెండోసారి చూడాలట.

ఇక అభిప్రాయాలు. గుడివాడ నుంచి వచ్చిన మా మామగారు అరగంట చూసి, “హీరో ఎవరోయ్ అల్లుడూ?” అన్నారు. నలుగురూ హీరోలే మామగారూ అంటే, “అంటే ఎవరూ కాదన్నమాట” అన్నారు. అయినా లేవలేదు, చివరిదాకా చూశారు! మొదటి సగం నెమ్మదిగా ఉందని చాలామంది అన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఇంటర్వెల్ తర్వాత మాత్రం బిర్యానీ గిన్నె దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. డాన్ వేషం వేసిన పవన్ మల్హోత్రా గురించి రెండో మాట లేదు. కేకలు వెయ్యకుండానే భయపెట్టాడని ఆడవాళ్ళందరూ ఒప్పుకున్నారు. ‘బ్లాక్ ఫ్రైడే’లో టైగర్ మెమన్ కూడా ఆయనే అని నేను చెబితే ఓ కుర్రాడు అప్పటికప్పుడు ఫోనులో వెతికి చూసుకున్నాడు.

హైజాక్ మాట దగ్గర ఓ తల్లి అభ్యంతరం చెప్పారు. ఆవిడ 2001 సెప్టెంబరులో మన్‌హట్టన్‌లోనే పని చేసేవారట. సినిమాల్లో ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుందన్నారు. 1999 డిసెంబరులో ఖాట్మండు నుంచి ఢిల్లీ వెళ్ళాల్సిన ఐసి 814ని కాందహార్ తీసుకుపోయిన సంగతి కూడా ఆ రోజు మాటల్లో వచ్చింది. అది జరిగి నాలుగేళ్ళు నిండకుండానే ఇలాంటి కథ రాయడానికి ధైర్యం కావాలని ఒకరు, బుద్ధి లేకపోవాలని ఒకరు. నేను మధ్యలో టీ పోశాను.

అసలు పంచాయితీ ఇది కాదండీ. మన ఊళ్ళో అందరూ గౌరవించే ఒక పెద్దాయన లేచి, “చదువుకున్న పిల్లలు, మంచి కుటుంబాలవాళ్ళు, డబ్బిస్తానంటే విమానం హైజాక్‌కి ఒప్పుకుంటారా? ఎక్కడన్నా ఉందా? మన పిల్లలకి ఇలాంటివి చూపించకూడదు” అన్నారు. సగం మంది తలలూపారు. నేనూ ఊపాననే గుర్తు.

ఆ మాటని పోయిన వారం రేడియోలో చెప్పాను. మర్నాడు ఓ ఈమెయిల్ వచ్చింది. రాసిన అబ్బాయి అనుమతి తీసుకునే చెప్తున్నాను, పేరు చెప్పను. ఐదు వారాల క్రితం అతని ఉద్యోగం పోయింది. హెచ్‌1 మీద ఉన్నాడు. ఉద్యోగం పోయాక మహా అయితే అరవై రోజులు, ఆలోగా ఇంకొకటి దొరకాలి. భార్యకి ఏడో నెల. ఇలా రాశాడు:

“అన్నా, ఎలా ఒప్పుకుంటారని పెద్దాయన అడిగారు కదా. మొన్న నాకో కన్సల్టెన్సీవాళ్ళు ఫోన్ చేశారు. రెజ్యూమెలో నాలుగేళ్ళ అనుభవం వాళ్ళే కలుపుతారట, రిఫరెన్సులు కూడా వాళ్ళే చూసుకుంటారట. నేను సంతకం పెడితే చాలట. ఆ సినిమాలో వాళ్ళని అడిగినంత పని కాదు. కానీ అడిగిన పద్ధతి అదే. ముందు నీ కష్టమేంటో కనుక్కుంటారు, తర్వాత అందరూ చేసేదే అంటారు. నేనింకా జవాబు చెప్పలేదు.”

ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివానండీ. ఎందుకంటే నేను 2000 చివర్లో ఈ దేశం వచ్చాను. మూడు నెలల్లో ప్రాజెక్టు పోయింది. గెస్ట్‌హౌస్‌లో ఆరుగురం, ఒక బాత్రూము, రోజూ పప్పుచారు. బెంచి మీద ఉన్నా జీతం ఇవ్వాలని చట్టం ఉంది. మాకెవరూ ఇవ్వలేదు. ఓ రోజు ఆఫీసుకి పిలిచి నా ముందు ఓ రెజ్యూమె పెట్టారు. పైన పేరు నాది. కింద నేనెన్నడూ చూడని ఊళ్ళో, ఎన్నడూ చెయ్యని ఉద్యోగం మూడేళ్ళు చేసినట్టు ఉంది. అప్పటికే ఇంట్లో నాన్నకి డబ్బు పంపి రెండు నెలలైంది.

ఈ సంగతి మా ఆవిడకి తెలుసు. పిల్లలకి తెలీదు. ఆ ఈమెయిల్ చదువుతుంటే మా అమ్మాయి వెనక నుంచి చూసింది. దానికిప్పుడు పదహారేళ్ళు, తెలుగు చదవడం వచ్చు, అదో చిక్కు. “నాన్నా, వై ఆర్ యూ రీడింగ్ ఇట్ అగైన్?” అంది. చెప్పాను. “సైన్ చేశావా?” అంది. చేశానమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మరి సినిమా రోజు అంకుల్ అలా అంటే నువ్వెందుకు నాడ్ చేశావ్?” అంది.

దానికి నా దగ్గర జవాబు లేదండీ.

ఆ అబ్బాయికి ఆ రాత్రే ఫోన్ చేశాను. ఉద్యోగం దొరికింది గానీ, తర్వాత గ్రీన్‌కార్డు కాగితాలు నడిచిన ఆరేళ్ళూ తపాలా పెట్టెలో కవరు కనిపించినప్పుడల్లా కడుపులో తిప్పేదని చెప్పాను. పాత ఉద్యోగం నుంచి అనుభవ పత్రం తెమ్మని లాయరు అడిగిన రోజు నేను చెప్పిన సాకులు మళ్ళీ అతనికి చెప్పడానికే సిగ్గేసింది. గడువు దాటకముందే వేరే స్టేటస్‌కి దరఖాస్తు పెట్టుకునే వీలుంది, ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడమన్నాను. సంతకం పెట్టొద్దు అని మాత్రం గట్టిగా అనలేకపోయాను. పెట్టినవాణ్ణి కదా. అతను సోమవారం లాయరుని కలుస్తానన్నాడు. మీలో ఎవరి దగ్గరైనా అసలైన ఉద్యోగం, డేటాబేస్ పని, ఉంటే స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి, అతనికి అందజేస్తాను. ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయి.

పెద్దాయనకి కూడా ఫోన్ చేసి నా సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకుని, “డీవీడీ ఉంటే ఓసారి పంపవయ్యా, మొదటి సగం నిద్రపోయాను” అన్నారు.

వచ్చే నెల ఏలేటిగారిదే, 2005లో వచ్చిన ‘అనుకోకుండా ఒక రోజు’. ఛార్మి, జగపతిబాబు ఉన్నారు. ఒక రోజంతా ఏం జరిగిందో గుర్తులేని అమ్మాయి కథ. చూసి మీ అభిప్రాయాలు చెప్పండి. ఈసారి మా బేస్‌మెంట్‌లో హీటర్ బాగు చేయించాను, శాలువాలు తెచ్చుకోనక్కర్లేదు. ఉంటానండీ, నమస్కారం.