డిలీట్ చేసినంత మాత్రాన పోదు



ఇయ్యాల కంప్యూటర్ ముచ్చట చెప్తున్న. కానీ ఇది మన ఊరోళ్లు మన చేతికి నమ్మి ఇచ్చిన కాగితాల ముచ్చట కూడా.

మన పిల్లలు కొందరు కోడింగ్ నేర్చుకుని ఒక చిన్న యాప్ మొదలుపెట్టిన్రు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఎవరెవరు పోడు పట్టాకు దరఖాస్తు పెట్టిన్రు, ఎవరిది ఎక్కడ ఆగింది అని లెక్క ఉంచడానికి. మంచి పనే. అయితే ఒక రాత్రి తొందరల ఒక తమ్ముడు కోడ్‌తో పాటు 40 కుటుంబాల ఆధార్ ఫోటోల ఫోల్డర్ కూడా గిట్‌హబ్‌కు పంపిండు. అందరికీ కనపడే రిపాజిటరీ అది. తెల్లారి చూసుకుని డిలీట్ చేసి, మళ్లీ పుష్ చేసిండు. "పోయింది అన్నా" అన్నడు.

పోలేదు. గిట్ ఉన్నదే పాతది పోకుండా దాచిపెట్టడానికి. ప్రతి కమిట్ ఆ రోజు ఉన్న ఫైళ్లన్నిటికీ తీసిన ఫోటో లాంటిది. ఇయ్యాల తీసేస్తే ఇయ్యాల్టి ఫోటోల ఉండదు, నిన్నటి దాంట్ల ఉంటది. గిట్‌ఇగ్నోర్‌ల పేరు రాసినా పాత కమిట్లను అది ముట్టదు.

మరి ఏం చేయాలె?

మొదట రిపాజిటరీని ప్రైవేట్ చేయండి. బయటపడ్డది పాస్‌వర్డో, ఏపీఐ కీయో అయితే ముందు దాన్ని మార్చండి. చరిత్ర కడిగే పని తర్వాత. తాళంచెవి పోతే తాళమే మార్చాలె కదా.

తర్వాత కొత్తగా క్లోన్ చేసుకుని 'గిట్ ఫిల్టర్-రెపో' వాడండి. ఏ ఫోల్డర్ పోవాలో దాని దారి చెప్పి, 'ఇన్వర్ట్-పాత్స్' అనే ఆప్షన్ తప్పక పెట్టండి. అది మరిస్తే ఉల్టా అయితది: ఆ ఫోల్డర్ ఒక్కటే మిగిలి తక్కినదంతా పోతది! పని అయినంక ఈ టూల్ 'ఆరిజిన్' లింకును తీసేస్తది. దాన్ని మళ్లీ కలిపి, బ్రాంచీలు, ట్యాగులు అన్నీ ఫోర్స్ పుష్ చేయాలె.

ఇక్కడితో అయిపోలేదు. మార్చిన చోటు నుంచి కమిట్ నంబర్లన్నీ మారిపోతయి. పాత కాపీ ఉన్న దోస్తులందరూ దాన్ని తీసేసి కొత్తగా క్లోన్ చేసుకోవాలె. ఒక్కరు పాతది మెర్జ్ చేసి పుష్ చేసినా కడిగిన బురద మళ్లీ ఇంట్లకు వస్తది. ఎవరన్నా ఫోర్క్ చేసి ఉంటే వాళ్లను అడగాలె. పుల్ రిక్వెస్టుల మిగిలిన దాని కోసం గిట్‌హబ్ సపోర్ట్‌కు రాయాలె.

ఇదంతా చేసినా, ఈ లోపల ఎవరన్నా డౌన్‌లోడ్ చేసుకుంటే దాన్ని ఏ కమాండూ వెనక్కి తేలేదు. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. అవ్వ ఆధార్ నంబర్ అట్ల మార్చుకునేది కాదు. అందుకే ఆ 40 ఇండ్లకు పోయి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాలె. బయోమెట్రిక్ లాక్ చేసుకునే సౌకర్యం ఉన్నది, 1947కు ఫోన్ చేసి అడగొచ్చు. దగ్గర కూసుండి చేయించాలె. కమాండ్ కొట్టుడు కన్నా ఆ గడపల ముందు నిలబడుడే కష్టం. కానీ అది మన బాధ్యత.

ఇక ముందు నుంచి అసలు కాగితాలు కోడ్ దగ్గరకు రానియ్యద్దు. పరీక్షకు ఉత్తుత్తి పేర్లు పెట్టుకోండి. కమిట్ కొట్టే ముందు 'గిట్ స్టేటస్' చూడండి, ఏమేం పోతున్నయో అది చెప్తది. ఆధార్ తప్పనిసరి అయితే చివరి 4 అంకెలే కనపడే మాస్క్‌డ్ కాపీ తీసుకోండి.

ఊరోళ్ల నమ్మకానికి బ్యాకప్ ఉండదు.