గతించిన నటునికి అభిమానుల ఋణము

(ఓరుగల్లున ధ్వన్యనుకరణ కళాభిమానుల సభయందు గావించిన ఉపన్యాసము)



ఈ దినము డిసెంబరు 28. 1932వ సంవత్సరమున ఇదే తేదీని మన ఓరుగల్లు మట్టెవాడలో ఒక శిశువు జన్మించెను. ఆ శిశువు పెరిగి పెద్దవాడై, తన యొక్క కంఠములో వేయి కంఠములను నిలుపుకొని, దేశదేశములు తిరిగి, కడకు తన ఊరికే వచ్చి, 2018 జూన్ 19వ తేదీన కన్ను మూసెను. ఆయనయే పద్మశ్రీ నేరెళ్ళ వేణుమాధవ్‌గారు. ఆయన జన్మదినమును ప్రపంచ మిమిక్రీ దినమని కళాకారులును అభిమానులును జరుపుకొనుచున్నారు. ఆ పేరు మీదనే మనమును నేడిచ్చట కూడితిమి.

పటమునకు పూలమాల వేసితిమి. దీపము వెలిగించితిమి. ఇవి చేయవలసినవే. కాని ఇంతటితో ఇంటికి మరలుటకు నా మనస్సు ఒప్పుట లేదు. నటుడు గతించిన పిదప అతని అభిమానులు అతనికి పడియున్న ఋణమేది? దానిని తీర్చు మార్గమేది? ఈ ప్రశ్ననే మీ యెదుట నుంచుటకు నిలిచితిని. దీనికి సమాధానము కొరకు మన మెక్కడికో పోనక్కర లేదు. వేణుమాధవ్‌గారి జీవితమే సమాధానము.

ఆయన ఘనతను మీకు నేను చెప్పుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. అయినను సభలో పిన్నవారున్నారు గనుక రెండు మాటలు చెప్పెదను. వృత్తిచేత ఆయన ఉపాధ్యాయులు. 1971లో న్యూయార్కునందలి ఐక్యరాజ్యసమితి కార్యాలయమున తన కళను ప్రదర్శించిరి. 1972 నుండి 1978 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో సభ్యులుగా నుండిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదము నిచ్చినది. 2001లో భారత ప్రభుత్వము పద్మశ్రీ పురస్కార మొసగినది. హనుమకొండ పబ్లిక్ గార్డెనులోని ఆరుబయలు రంగస్థలము ఆయన పేరనే నేటికిని పిలువబడుచున్నది. ఇవి యన్నియు లోకము ఆయనకు చేసిన సన్మానములు. ఆయన లోకమునకు చేసినదేదో దానిని గూర్చి యిప్పుడు ఆలోచింతము.

వేణుమాధవ్‌గారు గొప్ప కళాకారులు కాకపూర్వము గొప్ప అభిమాని. ఈ సంగతి మనము మరచుచున్నాము. ఆయన బాల్యమున తెలుగు చలనచిత్రము మాటలు నేర్చి ఎంతో కాలము కాలేదు. చిత్తూరు నాగయ్యగారి కంఠము ఆనాడు తెలుగు నేల నంతటిని ఆవరించి యుండెను. 1943లో భక్త పోతన, 1946లో త్యాగయ్య, 1947లో యోగి వేమన చిత్రములు విడుదలయ్యెను. బమ్మెర మన ఓరుగల్లు సీమలోనిది గదా! ఆ బమ్మెర పోతన యెట్లు మాటలాడెనో ఎవరును విని యెరుగరు. అయినను నాగయ్యగారి గొంతు విన్న పిమ్మట, పోతన యిట్లే మాటలాడి యుండునని మన పెద్దలు నమ్మిరి. అట్టి కంఠమును విని ముగ్ధులైన బాలురు వేలకొలదిగా నుండిరి. చిత్రశాల నుండి వెలుపలికి వచ్చి, రెండు దినములు ఆ మాటలు పలికి, మూడవ దినమున మరచిపోయిరి. ఓరుగల్లు బాలుడొకడు మాత్రము మరువలేదు. ఆ మాట యెచ్చట ఆగెను? ఊపిరి యెచ్చట తీసెను? దుఃఖము వచ్చినప్పుడు ఏ అక్షరము మీద గొంతు వణకెను? ఇవన్నియు వెదకి వెదకి పట్టుకొనెను.

ధ్వన్యనుకరణ మనగా గొంతు మార్చుట యని పలువురు తలంతురు. అది పొరపాటు. గొంతు మార్చుట దానిలో నాలుగవ పాలైనను కాదు. ఒక మనుష్యుని మాటలో అతని ఊరున్నది, అతని చదువున్నది, అతని వయస్సున్నది, అతని అహంకారమో వినయమో యున్నది. ఒకడు మాటకు ముందు గొంతు సవరించుకొనును. ఒకడు వాక్యమును సగములో విడిచి సభవంక చూచును. ఒకనికి మాటకంటె ముందు నవ్వు వచ్చును. ఇవి కనిపెట్టుటకు కావలసినది మొదట చెవి, పిదప ఓర్పు, ఆ పిదప ప్రేమ. ప్రేమ లేనివాడు పైపై లోపములను మాత్రమే పట్టుకొని వెక్కిరించును. ప్రేమ గలవాడు మనిషిని పట్టుకొని నిలువబెట్టును. వెక్కిరింతకును అనుకరణమునకును గల భేద మిదియే.

1973 డిసెంబరు 30న నాగయ్యగారు చెన్నపట్టణమున గతించిరి. ఆ మహానటుడు ఆర్జించినదంతయు పంచిపెట్టి, తుదకు లేమిలో కాలము గడపెనను సంగతి లోకవిదితము. పిదప త్యాగరాయనగరు పానగల్ పార్కున ఆయనకు విగ్రహము నిలిపిరి. మంచిదే. కాని విగ్రహము మాటలాడదు. అభిమాని గొంతు మాటలాడును. నటుని శరీరము పోయిన పిదప అతని పలుకును వేదిక మీద మరల పలికించి, అతనిని చూచి యెరుగని బాలుని చేత సైతము చప్పట్లు కొట్టించుటకంటె మించిన నివాళి యేమున్నది? వేణుమాధవ్‌గారు చేసినది అదియే.

ఇక మన సంగతి చూతము. నేను ఎవరిని నిందింప రాలేదు. మన జాతికి నటునిపై ప్రేమ మెండు. 1996 జనవరి 18న నందమూరి తారకరామారావుగారు మరణించినప్పుడును, 2014 జనవరి 22న అక్కినేని నాగేశ్వరరావుగారు మరణించినప్పుడును తెలుగు పల్లెలలో పొయ్యి వెలిగించని యిండ్లున్నవన్న మాట అతిశయోక్తి యైనను, ఆ దుఃఖము మాత్రము అబద్ధము కాదు. తమ యింటివాడు పోయినట్లు ఏడ్చిన ముసలివారిని నేను కన్నులార చూచితిని. అట్టి కన్నీటిని నవ్వులాటకు తీసికొనుట పాపము. కాని కన్నీరు ఆరిన పిదప ఏమి చేయుచున్నాము? వీధి మొగలో నిలువెత్తు బొమ్మ కట్టుచున్నాము. దానిపై పాలు కుమ్మరించుచున్నాము. నా నటుడు గొప్పయని ఒకడును, నీ నటుడు తక్కువయని మరొకడును తలలు పగులగొట్టుకొనుచున్నారు. ఏడాది తిరుగునప్పటికి వాన బొమ్మ చించుచున్నది, మన జ్ఞాపకమును దానితోనే పోవుచున్నది. ఆ నటుడు ఏ వేషమున ఏ మాటను ఎట్లు పలికెనో చెప్పుమనిన, పాలు పోసినవారిలో పదుగురు చెప్పలేరు. మనకు చూచుట వచ్చును, అరచుట వచ్చును. వినుట రాదు.

ఈ నేలకు వినుట రాదని మాత్రము చెప్పజాలను. మన ఓరుగల్లు సీమలోని పాలకుర్తి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున తన కాలపు ఆటలను, పాటలను, బొమ్మలాటలను చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు రచించిపెట్టెను. కాకతి గణపతిదేవుని గజసేనాధిపతియైన జాయప 13వ శతాబ్దిలో నృత్తరత్నావళి రచించి, శాస్త్రమార్గముతో పాటు దేశి నృత్యములకును స్థానము కల్పించెను. సేనాపతికి నర్తకుల అడుగులతో పనియేమి? ఆయనకు తెలియును: అడుగు వేసినవాడు పోవును, వ్రాసిపెట్టినచో అడుగు నిలుచును. ఊరూర తిరిగిన పగటివేషగాండ్రకును ఈ రహస్యము తెలియును. కరణము నడక, కోమటి బేరము, ముల్లా ప్రార్థన, వారు చూపగా ఊరు నవ్వెడిది. అనుకరింపబడినవాడును నవ్వెడివాడు. అట్టి నేలయందు పుట్టిన వేణుమాధవ్‌గారు, తమాషా యని పెద్దలు చులకనగా చూచిన విద్యకు గౌరవము తెచ్చిరి. మిమిక్రీ కళపై గ్రంథము వ్రాసిరి. విశ్వవిద్యాలయమున పాఠ్యవిషయముగా దానిని నిలుపుటకు పాటుపడిరి. టెన్ కమాండ్‌మెంట్స్ వంటి ఆంగ్ల చిత్రము నందలి మాటలను, శబ్దములను ఒంటరిగా గొంతున పలికించి సభలను నిశ్చేష్టులను గావించిరి. ఒక మనుష్యుడు, ఒక ధ్వనివర్ధకము. ఇంతకు మించి సామగ్రి లేదు.

ఇప్పుడు కాలము మారినది. గతించినవారి కంఠమును యంత్రమే పలికించుచున్నది. 2024లో లాల్ సలామ్ అను తమిళ చిత్రములోని పాటయందు, అప్పటికే మరణించిన ఇద్దరు గాయకుల కంఠములను కృత్రిమ మేధచేత తిరిగి పలికించిరి. వారి కుటుంబముల అనుమతి పొంది, ప్రతిఫల మిచ్చియే యట్లు చేసితిమని సంగీత దర్శకులు ఏ.ఆర్.రహమాన్‌గారు తెలిపిరి. అనుమతి యడిగిరి, మంచిది. అడుగకయే చేయువారు రేపు వత్తురు, నేడే వచ్చుచున్నారు. యంత్రమే యింత చేయుచుండగా ఇక ధ్వన్యనుకరణ కళాకారునితో పనియేమి యని ఒక యువకుడు నన్నడిగెను. అతని ప్రశ్న న్యాయమైనదే. నేనిచ్చిన సమాధానమును మీకును విన్నవించెదను.

యంత్రము కంఠమును ఎత్తుకొనును, దానిని ప్రేమింపదు. నాగయ్యగారి మాట నేర్చుకొన్న బాలుడు ఆ మాటతో పాటు ఆ శాంతమును నేర్చుకొనెను. నేర్చుటయందు నేర్చినవాడు మారును. యంత్రమునకు మారవలసిన పని లేదు. వేదికపై అనుకరించువాడు మన యెదుటనే నిలిచి, ఇది నేను, ఇప్పుడు నాగయ్యగారిని తలంచుచున్నాను అని బహిరంగముగా చెప్పును. అతడు మనలను మోసగింపడు. యంత్రమైననో, గతించినవాడు ఎన్నడు అనని మాటను అతడే అన్నట్లు నమ్మింపగలదు. నోరు లేని మృతునిచేత అబద్ధ మాడించుటకంటె ఘోరమైన అపచారము మరియొకటి కలదా? గనుక మంచి చెవి గలవారు నేడు మునుపటికంటె ఎక్కువగా కావలెను. నిజమైన కంఠమేదో, నకలేదో చెప్పగలవాడు ఆ కంఠమును ప్రేమతో విన్నవాడే.

ఇచ్చట నా తప్పిద మొకటి చెప్పుకొనవలసి యున్నది. ఎన్నో యేండ్లకు పూర్వము మా ఊరి పాఠశాల వార్షికోత్సవమున ఒక స్థానిక కళాకారుడు చేసిన ధ్వన్యనుకరణ కార్యక్రమమును మా తండ్రిగారు క్యాసెట్టులో పట్టి పెట్టిరి. దానిలో ఆ కళాకారుని గొంతే కాక, సభలో నవ్విన మా ఊరివారి నవ్వులు కూడ నుండెను. మా నాయనమ్మ నవ్వును దానిలోనే యుండెను. ఎప్పుడో ఒకప్పుడు దానిని కొత్త విధమున భద్రపరతునని నేను పెట్టెలో నుంచితిని. నాయనమ్మ పోయిన పదేండ్లకు వెలికి తీసితిని. తేమ పట్టి, బూజు పట్టి, టేపు ఒకదానికొకటి అంటుకొని యుండెను. యంత్రములో పెట్టగానే తెగిపోయెను. ఆ దినమున నాకు తెలిసినది: చావు ఒకసారి వచ్చును, మన అశ్రద్ధ రెండవసారి చంపును.

కావున సభవారిని మూడు పనులు చేయుడని ప్రార్థించుచున్నాను. మొదటిది: మీ యిండ్లలో వేణుమాధవ్‌గారివి గాని, మన నాటకకారులవి, హరికథకులవి, ఒగ్గుకథకులవి గాని క్యాసెట్టులున్న యెడల వానిని పెట్టెలలో నుంచకుడు. టేపు మీది అయస్కాంతపు పూత యేటేట రాలిపోవును. తెలిసినవారి చేత వెంటనే డిజిటల్ ప్రతిగా మార్పింపుడు. తేదీ, స్థలము, కళాకారుని పేరు దానితో పాటు వ్రాసి యుంచుడు. పేరు లేని గొంతు అనాథ శవము వంటిది. రెండవది: బ్రదికి యున్న కళాకారుని బ్రదికి యుండగనే పిలువుడు. ఉచితముగా వచ్చి పోవలెనని కోరకుడు. పారితోషిక మిచ్చి పంపుడు. నాగయ్యగారి లేమిని తలచి నేడు కన్నీరు కార్చు మనము, మన వీధిలోని ముసలి నటుడు మందులకు అప్పు చేయుచుండగా చూడకుండుట న్యాయము కాదు. మూడవది: మీ పిల్లలకు వినుట నేర్పుడు. వాడు తాతగారి దగ్గును అనుకరించిన యెడల కోపగింపకుడు. వెక్కిరించుచున్నాడో, ప్రేమతో పలుకుచున్నాడో చూడుడు. ప్రేమతోనైనచో వానిలో ఒక కళాకారుడున్నాడు. కళాకారుడు కాకపోయినను కనీసము మంచి మనుమడున్నాడు.

సోదరులారా! ఈ సభ ముగిసిన పిదప మన మందరము ఇండ్లకు పోయెదము. ప్రతి యింటను ఒక పెద్దవారుందురు. ఈ రాత్రి వారి ప్రక్కను కొంతసేపు కూర్చుండుడు. వారు మొదట చూచిన చలనచిత్ర మేదో, ఆ నటుని మాట యేదైన జ్ఞాపకమున్నదేమో అడుగుడు. వారు గొంతు సవరించుకొని, వణకు స్వరముతో, నాగయ్యగారి వలెనో, మరొకరి వలెనో రెండు మాటలు పలుకుదురు. అది సరిగా నుండకపోవచ్చును. నవ్వకుడు. శ్రద్ధగా వినుడు. గతించిన నటునికి మనము పడియున్న ఋణములో ఒక కాసు ఆ నిమిషమున తీరును. మట్టెవాడ బాలుడు తన ఋణమును జీవిత మంతయు అట్లే తీర్చుకొనెను.