పెరటి కోళ్ళకి పసుపు, వెల్లుల్లి, మునగాకు: ఎంతవరకు పని చేస్తాయి?
(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక పశుసఖి ప్రసంగ పాఠం)



మన ఆత్రేయపురం అనగానే అందరికీ పూతరేకులే గుర్తొస్తాయి. కానీ రేకులు తీసే ఇంట్లోనూ పెరట్లో నాలుగు కోళ్ళుంటాయి. సంఘం అప్పుతో వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని తెచ్చుకున్నవాళ్ళు మనలో చాలామంది. తెగులొచ్చి గూడు ఖాళీ అయిపోయినా నెల వాయిదా ఆగదు కదండీ. అందుకే ఈ విషయం ఎత్తుకున్నాను.

"పసుపు, వెల్లుల్లి పెడితే జబ్బు రాదంట కదా?" అని ఏ ఊరెళ్ళినా అడుగుతున్నారు. ఈ మాట మన అమ్మమ్మలదే అయినా, ఇప్పుడు ప్రపంచమంతా దీన్నే పట్టుకుంది. కోళ్ళు త్వరగా ఎదగడానికి మేతలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని ఐరోపా దేశాలు 2006 నుంచి ఆపేశాయి. ఏ మందుకీ లొంగని జబ్బుకి డాక్టర్లు ఆఖరున వాడే కొలిస్టిన్‌ని మన దేశంలోనూ 2019లో కోళ్ళకి వాడకుండా నిషేధించారు. వాటి బదులు ఏం పెట్టాలా అని వెతుకుతూ మొక్కల వైపు వచ్చారు.

కిలో మేతకి 5 గ్రాముల పసుపు చాలు. అంటే రెండు చిన్న చెంచాల లోపే. కొమ్ములు తెచ్చి ఇంట్లో దంచుకోండి, రంగు కలిపిన పొడి అసలు వద్దు. వెల్లుల్లి అయితే కిలోకి ఐదారు రెబ్బలు నూరి, ఆ పూటకే కలపాలి. నన్నడిగితే వీటన్నిటికంటే మునగాకు మేలండి. ఎండిన ఆకులో సుమారు నాలుగో వంతు మాంసకృత్తులే, పైగా విటమిన్ ఎ కూడా. మన కోళ్ళు తినేది నూకలు, తవుడు, చిట్టు. వాటిలో లేనిది ఈ ఆకులో ఉంది. నీడన ఎండబెట్టి, పొడి చేసి, కిలోకి 50 గ్రాములు మించకుండా కలపండి. వేప, నేలవేము మంచివే గానీ చేదు ఎక్కువైతే కోడి మేతే ముట్టదు.

ఇవన్నీ కలిపినా తవుడు బూజు పట్టిందైతే లాభం లేదు. మన డెల్టా చెమ్మకి వానాకాలంలో నూకలు, చెక్క ఇట్టే బూజు పడతాయి. ఆ బూజులోని విషం కాలేయాన్ని పాడు చేసి, కోడికున్న రోగనిరోధక శక్తినీ తగ్గిస్తుంది. ఒక చేత్తో పసుపు కలిపి, ఇంకో చేత్తో బూజు మేత పెట్టడం ఎందుకు చెప్పండి!

ఇంక అసలు మాట. కొక్కెర తెగులుని పసుపు ఆపదు, వెల్లుల్లీ ఆపదు. సీసాల్లో వచ్చే ఏ "ఇమ్యూనిటీ టానిక్"కీ అది చేతకాదు, అమ్మేవాళ్ళు ఎన్ని చెప్పినా సరే. కోడిని మామూలుగా ఆరోగ్యంగా ఉంచడానికే ఇవి. తెగుల్ని ఆపేది టీకా. ఏడో రోజున కంట్లో లసోటా చుక్క, నాలుగో వారంలో మళ్ళీ, ఎనిమిదో వారం దాటాక రెక్క కింద సూది. అమ్మవారికి ఆరేడు వారాలప్పుడు వేరే టీకా ఉంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి అవతలి గట్టున పెరవలి మండలం కానూరు అగ్రహారంలో, తణుకు దగ్గర వేల్పూరులో బర్డ్ ఫ్లూ తేలింది. అలాంటప్పుడు ఏ ఆకూ పనికిరాదు. ఉన్నట్టుండి కోళ్ళు రాలిపోతుంటే ముట్టుకోకండి, కోసుకోకండి, కాలవలో పడెయ్యకండి. వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి, లేదా 1962కి ఫోన్ చెయ్యండి.

"టీకా ఎందుకు వెయ్యించలేదమ్మా" అంటే, "నా పది కోళ్ళకి సీసా ఎవరు విప్పుతారు?" అంటారు. నిజమేనండి. చిన్న సీసాలో కూడా వంద కోళ్ళకి సరిపడా మందుంటుంది. కలిపాక ఐసులో పెట్టినా రెండు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యడమే. మరి పదేసి కోళ్ళున్న పది ఇళ్ళు ఒకే పొద్దున కలిస్తే? అందుకని ప్రతి గ్రామ సంఘమూ నెలకో తేదీ పెట్టుకుని, ఎవరింట్లో ఎన్ని పిల్లలు, ఎన్ని రోజులవి అనేది మినిట్స్ పుస్తకంలోనే రాయించాలని అడుగుతున్నాను. ఆ లెక్క ముందు రోజు నాకందిస్తే, సీసా తేవడం, చుక్కలు వెయ్యడం నా పని.