లీగు ఎవరి చేతిలో ఉంది?

మన దేశంలో జాతీయ స్థాయి ఫుట్‌బాల్ లీగు మొదలై దాదాపు ముప్ఫయ్యేళ్లయింది. 1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ పేరుతో మొదలైన పోటీలో పంజాబ్‌లోని ఫగ్వారా నుంచి వచ్చిన జె.సి.టి. మిల్స్ జట్టు తొలి విజేతగా నిలిచింది. 2007లో ఆ పోటీనే ఐ-లీగ్ అన్నారు, దాని మొదటి టైటిల్ గోవాకు చెందిన డెంపోకు దక్కింది. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ దాని పక్కన వెలిసి, 2019-20 సీజన్‌కల్లా దేశపు ప్రథమ శ్రేణి లీగు స్థానంలో కూర్చుంది. మారిన ప్రతిసారీ భారత ఫుట్‌బాల్‌కు కొత్త యుగం వచ్చిందని ప్రకటించారు. ఈ వేదిక మీద నేను చెప్పదలచినది ఒక్కటే. ఇన్ని మార్పుల్లోనూ లీగును నడిపే అధికారం క్లబ్బులకు ఏనాడూ రాలేదు. అది మొదట అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య చేతిలో ఉంది, తర్వాత సమాఖ్య నుంచి హక్కులు కొనుక్కున్న కంపెనీ చేతిలోకి పోయింది. ఆటగాళ్లకు జీతాలిచ్చేదీ నష్టం మోసేదీ క్లబ్బు, పోటీ ఎప్పుడు ఎలా జరగాలో తేల్చేది మరొకరు. 2025లో లీగు ఆగిపోయే దాకా రావడానికి మూలం ఈ ఏర్పాటులోనే ఉంది.

2007 మార్పును ముందుగా చూద్దాం. పేరు మారింది, జట్లను పది చేశారు, ప్రొఫెషనల్ లీగు అన్నారు. నిర్వహణ మాత్రం అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యదే. జట్లు అందులో ఆడేవేగాని దానికి యజమానులు కావు. అందుకే పెద్ద కంపెనీలు నడిపిన జట్లకు సైతం లీగులో నిలబడి ఉండవలసిన కారణం కనిపించలేదు. 2010లో మహీంద్రా యునైటెడ్ మూతపడింది, మరుసటి ఏడాది మొట్టమొదటి జాతీయ విజేత జె.సి.టి. కూడా జట్టును రద్దు చేసుకుంది.

2010 డిసెంబరులో సమాఖ్య ఐ.ఎం.జి.-రిలయన్స్‌తో చేసుకున్న ఒప్పందం ఈ కథలో కీలకం. 700 కోట్ల రూపాయలకు, పదిహేనేళ్లపాటు, భారత ఫుట్‌బాల్ వాణిజ్య హక్కులన్నీ ఆ సంస్థ పరమయ్యాయి. దాని మీదే సూపర్ లీగ్ పుట్టింది. ఆ లీగు చేసిన మేలును తక్కువ చేయడం న్యాయం కాదు. తొలి సీజన్లలో స్టేడియాలు కిటకిటలాడాయి, మైదానాలు బాగుపడ్డాయి, ఇక్కడి కుర్రాళ్లు ప్రపంచకప్ ఆడినవాళ్ల పక్కన నిలబడి శిక్షణ పొందారు. కానీ ఎవరు చేరాలన్నది ఏళ్ల తరబడి ఆటతో తేలలేదు, ఫ్రాంచైజీ రుసుముతో తేలింది. 2016-17లో మిజోరంకు చెందిన ఐజ్వాల్ ఎఫ్‌సీ, ఖాలిద్ జమీల్ శిక్షణలో, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటి జట్లను వెనక్కి నెట్టి ఐ-లీగ్ గెలిచింది. చిన్న కొండరాష్ట్రపు క్లబ్బు దేశ విజేత అయితే దానికి దొరికిన బహుమానమేమిటి? కొద్దికాలానికే తాను గెలిచిన లీగు రెండో అంచెకు దిగిపోవడం, పై లీగు తలుపులు అప్పటికి మూసి ఉండడం. ఆటలో గెలిచినవాడికి పైకెక్కే దారి లేని పోటీని లీగు అనడానికి నాకు మనసొప్పదు.

జపాన్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడా 1965 నుంచి నడిచింది కంపెనీ జట్ల లీగే. 1993లో పది క్లబ్బులతో జె-లీగ్ మొదలుపెట్టినప్పుడు కొత్త చిహ్నంతో సరిపెట్టుకోలేదు. క్లబ్బు పేరులో కంపెనీ పేరు ఉండకూడదు, ప్రతి క్లబ్బుకూ సొంత ఊరు ఉండాలి, ఆ ఊరి ప్రజలకూ పురపాలక సంస్థకూ దానితో సంబంధం ఉండాలి అని నియమం పెట్టారు. మిత్సుబిషి జట్టు ఉరావా రెడ్ డైమండ్స్ అయింది. పెద్ద పత్రికాధిపతులు అభ్యంతరం చెప్పినా లీగు అధ్యక్షుడు సబురో కవాబుచి వెనక్కి తగ్గలేదు. 1999లో రెండో డివిజన్ పెట్టి, ఎక్కే దారీ దిగే దారీ తెరిచారు. పదితో మొదలైన లీగు నేడు మూడు డివిజన్లలో అరవై క్లబ్బులకు పెరిగింది. అక్కడ పేరు మార్పు బాధ్యతల మార్పుకు గుర్తుగా వచ్చింది. మన దగ్గర 2020లో మోహన్ బగాన్ ముందు ఏటీకే అని ఫ్రాంచైజీ పేరు తగిలించారు. 1889లో పుట్టిన ఆ క్లబ్బు అభిమానులు మూడేళ్లు పోరాడితేగాని ఆ మూడక్షరాలు పోలేదు.

పెట్టుబడి పెట్టేవాడికి భద్రత కావాలి, దిగజారే భయం ఉంటే ఎవరూ డబ్బు పెట్టరు, అందుకే మూసిన లీగు అవసరం అని ఒక బలమైన వాదన ఉంది. అమెరికా లీగును ఉదాహరణగా చూపుతారు. ఆ భద్రత మనకు ఏమిచ్చిందో తెలుసుకోవడానికి హైదరాబాద్ చాలు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఈ ఊరిది. 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నాలుగో స్థానానికి కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం ఈ ఊరివాడు. పుణె ఫ్రాంచైజీ పోయాక దాని స్థానంలో 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, 2021-22లో సూపర్ లీగ్ గెలిచింది. రెండేళ్లు తిరగకుండానే బకాయిల వివాదాలు ఫిఫా దాకా పోయాయి. 2023-24లో జట్టు 22 మ్యాచుల్లో ఒక్కటే గెలిచి అట్టడుగున మిగిలింది. కిందికి దిగే నియమం లేదు కనుక లీగులో ఉండిపోయింది. 2025లో యజమానులు ఆ ఫ్రాంచైజీని ఢిల్లీకి తరలించి వేరే పేరు పెట్టారు. ఆటలో ఓడి దిగిన క్లబ్బు తన ఊళ్లోనే ఉంటుంది, మళ్లీ లేస్తుంది. ఫ్రాంచైజీ లేచిపోతే ఊరికి మిగిలేదేమీ లేదు. అదే కాలంలో ఈ నగరపు మరో క్లబ్బు శ్రీనిధి దక్కన్ వరసగా రెండు సీజన్లు ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. మూసిన లీగు కాపాడింది పెట్టుబడినా, ఫుట్‌బాల్‌నా అన్న ప్రశ్నకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

డబ్బున్న సంస్థ లేకపోతే లీగే ఉండదన్నది రెండో వాదన. దీన్ని 2025 పరీక్షించింది. ఆ డిసెంబరులో పదిహేనేళ్ల ఒప్పందం ముగియవలసి ఉండింది. సమాఖ్య నియమావళి కేసు సుప్రీంకోర్టులో ఉండడంతో కొత్త ఒప్పందానికి వీల్లేకపోయింది. జూలైలో నిర్వహణ సంస్థ సీజన్‌ను నిలిపివేసింది. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. తెలుగువాడైన విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు రూపొందించిన నియమావళిని సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించింది. తర్వాత టెండరు పిలిస్తే ఒక్కరూ ముందుకు రాలేదు. 2026 జనవరిలో సునీల్ ఛెత్రి వంటి ఆటగాళ్లు ఫిఫాకు బహిరంగంగా మొరపెట్టుకోవలసి వచ్చింది. కేంద్ర క్రీడాశాఖ కలగజేసుకున్నాక ఫిబ్రవరిలో కుదించిన సీజన్ మొదలైంది. డబ్బున్న సంస్థ తప్పుకున్న నాడు 14 క్లబ్బులూ చేతులు కట్టుకుని చూడవలసి వచ్చింది. ఒక్క సంతకం గడువు తీరితే దేశపు ప్రథమ లీగు ఆగిపోవడం డబ్బు లేకపోవడం ఒక్కదానివల్ల జరగలేదు, నడిపే హక్కు క్లబ్బులకు లేకపోవడం వల్ల కూడా జరిగింది.

క్లబ్బుల చేతికిస్తే అవి తమ లాభమే చూసుకుంటాయి, జాతీయ జట్టును, కింది డివిజన్లను పట్టించుకోవు అనేవాళ్లూ ఉన్నారు. ఆ భయం నిరాధారం కాదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ చరిత్రలో దురాశకు కొదవలేదు. అయినా అక్కడి ఏర్పాటులో నేర్చుకోవలసింది ఉంది. లీగు ఒక కంపెనీ, ఆ సీజన్‌లో ఆడే ఇరవై క్లబ్బులే దాని వాటాదారులు. దిగిపోయిన క్లబ్బు తన వాటాను ఎక్కి వచ్చిన క్లబ్బుకు అప్పగిస్తుంది. ఫుట్‌బాల్ అసోసియేషన్ దగ్గర ఒక ప్రత్యేక వాటా ఉంటుంది, కొన్ని మౌలిక విషయాల్లో దానికి అడ్డుచెప్పే అధికారం ఉంది. మనకూ ఇలాంటి కంపెనీ కావాలి. సమాఖ్య పోటీ నిర్వాహకుడి పాత్ర వదిలి నియంత్రకుడి పాత్రకు పరిమితం కావాలి. ప్రసార సంస్థ వచ్చినా, పెట్టుబడిదారు వచ్చినా ఆ కంపెనీతో కాలపరిమితి ఒప్పందం చేసుకోవాలి, దాన్ని కొనుక్కోకూడదు. రెండో అంచె లీగు విజేత పైకి రావడం, పట్టికలో చివరి జట్టు దిగడం, ఊరు మార్చాలంటే మిగతా క్లబ్బుల ఓటూ సమాఖ్య అంగీకారమూ తప్పనిసరి కావడం, ఆటగాళ్ల జీతాలకు ముందే పూచీకత్తు జమ చేయడం, ఈ నాలుగూ ఆ కంపెనీ నిబంధనావళిలో ముందుగా రాసుకోవాలి. లీగుకు ఏ పేరు పెట్టాలో వాటాదారులైన క్లబ్బులు ఆ తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.