పాలంపేట: గుడితో పాటు ఊరూ నిలవాలి

రామప్ప గుడి గొప్పదనం మీకు తెలియనిది కాదు. ఆ గుడి చుట్టూ ఉన్న నేల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడిలో రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడని ఆవరణలోని శాసనం చెబుతోంది. ఊరు, గుడి, చెరువు మూడూ కలిపి నిలబెట్టడం కాకతీయుల నాటి పద్ధతి. గుడికి దాదాపు కిలోమీటరు దూరంలో ఉన్న రామప్ప చెరువు నేటికీ పొలాలకు నీరిస్తోంది.

గుడి చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలనే స్త్రీ శిల్పాలను ఒకసారి తలెత్తి చూడండి. ఎర్ర ఇసుకరాతి గోడల మీద వాటి నల్లరాతి నునుపు ఇప్పటికీ మెరుస్తుంది. ఒకామె ఒంటిని పాము చుట్టుకుంది, మరొకామె కాళ్ళకు ఎత్తుమడమల పాదరక్షలున్నాయి. శిఖరానికి వాడినవి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు. గుడి మొత్తం బరువును మోసేది ఇసుక నింపిన పునాది. ఇసుక కుదురుగా ఉండాలంటే నేలలో చెమ్మ ఉండాలి. కాబట్టి భూగర్భజలాన్ని మార్చే ఏ తవ్వకమైనా గుడికి సంబంధించిన విషయమే. బొగ్గు నిక్షేపాలున్న ఈ ప్రాంతంలో ఓపెన్‌కాస్ట్ గనుల మాట వచ్చినప్పుడు జనం ఆందోళన పడటం న్యాయమే.

చట్టం ఏం చెబుతోంది? ప్రాచీన కట్టడాల రక్షణకు చేసిన 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ తరవాతి 200 మీటర్లలో అనుమతి కావాలి. ఆ 300 మీటర్ల గీత చెరువు దాకా రాదు. కట్ట మీదా చుట్టుపక్కలా శిథిలమవుతున్న చిన్న గుళ్ళు అన్నిటికీ ఆ రక్షణ అందదు.

ఒక్క కట్టడాన్నే కాక పరిసరాలనూ కలిపి కాపాడిన ఉదాహరణలు వేరే చోట్ల ఉన్నాయి. అమెరికాలోని చార్లెస్టన్ నగరం 1931లోనే ఒక పాత పేటను మొత్తంగా చారిత్రక ప్రాంతంగా గుర్తించి నియమాలు పెట్టింది. 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం తరవాత అక్కడి పల్లెటూరి కౌంటీల్లో కూడా వీధులు, పొలాలు, కొట్టాలు కలిసి జాతీయ జాబితాకెక్కాయి. అక్కడ జాబితాకెక్కినంత మాత్రాన సొంతదారు ఇంటిపై కేంద్రం ఆంక్షలేమీ పడవు. ముందు గౌరవం, ఆ తరవాతే స్థానిక నియమం. మనం నేర్చుకోవలసింది ఆ వరస.

2021 జూలై 25న యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దాంతో సందర్శకులు పెరిగారు, భూముల ధరలు పెరిగాయి, కట్టడాల ఒత్తిడీ పెరిగింది. ఇల్లు బాగుచేసుకోవాలన్నా భయపడే పరిస్థితి వస్తే రైతు గుడిని తనదనుకోడు. అందుకే పురావస్తు శాఖ, నీటిపారుదల శాఖ, గ్రామపంచాయతీ ఒకేచోట కూర్చోవాలి. కట్ట, తూములు, కాలువలు, చిన్న గుళ్ళు, పాత బావులు అన్నీ సర్వే నంబర్లతో ఒక పటంలోకెక్కాలి. ఎక్కడ ఏం కట్టుకోవచ్చో గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. దుకాణాలు, బసలు, గైడు పనులు ముందు ఊరివారికే దక్కాలి.

ఎనిమిది వందల ఏళ్ళుగా ఈ చెరువు కింద సాగుచేస్తూ వచ్చిన ఊరు ఇది. రామప్పను కాపాడే పనిలో పాలంపేటకు మొదటి పీట వేయమని పాలకులను కోరుతున్నాను.